స్థిమితం ఉన్నట్టు కాగితం

పారమ్మను చంపింది కోర్టు.

గుండె ఆగిందని డాక్టరు రాశాడు. గుండె ఎవరికైనా ఆఖర్న ఆగేదే. అది చావు, చావుకు కారణం కాదు. కారణం కోర్టు. పారమ్మ మొగుడు అప్పలసూరి ఈ మాట కోపంగా అనేవాడు కాదు, ఏడుస్తూ అనేవాడు కాదు. తూర్పున పొద్దు పొడుస్తుందన్నట్టు అనేవాడు. ఊళ్లో అతనికి పిండిమర ఉంది. చోళ్లు పట్టించుకోవడానికి వచ్చినవాళ్లు ఆ మాట విని, తలూపి, పిండి నెత్తికెత్తుకుని వెళ్లేవారు. అయిదో తరగతితో బడి మానేసిన మనిషితో వాదం పెట్టుకుని గెలిచినవాడు ఆ ఊళ్లో లేడు.

ఈ హత్యకు మూలం ఒక మైకు.

పంచాయతీ ఆఫీసు ఎదుట స్తంభానికి ఒక రేకు మైకు కట్టి ఉంటుంది. ఇంటిపన్ను ఎవరెవరు కట్టలేదో పొద్దున్నే పేరుపేరునా చదువుతుంది. పారమ్మ తమ్ముడు తవిటయ్యకు అది మిగతావాళ్లకు చెప్పని సంగతులు కూడా చెప్పేది. చచ్చిపోయిన తల్లిని తిట్టేది. కరెంటు లేనప్పుడు ఇంకా గట్టిగా తిట్టేది. అతను తిండి మానేశాడు. చెవుల్లో గోగునార కుక్కుకున్నాడు. చివరికి ఒక మిట్టమధ్యాహ్నం స్తంభమెక్కి, మైకు విప్పి, తడి గోనెలో చుట్టి, గడ్డిమేటు నీడన పడుకోబెట్టాడు.

"తిట్టి తిట్టి దాని గొంతెండిపోనాది. సిన్నసేపు పడుకోనీండి," అన్నాడు పోగైన జనంతో.

మైకును మర్నాడే మళ్లీ కట్టేశారు. శుభ్రంగా మోగింది. తవిటయ్యను మాత్రం పట్టుకుపోయారు. సర్కారు సొత్తు దొంగతనం ఒకటి, ప్రభుత్వ ప్రకటనలకు విఘాతం ఒకటి, రెండు నేరాలు మోపారు.

తాలూకా ఊళ్లో పాణిగ్రాహి అని ఒక వకీలు ఉండేవాడు. ముసలివాడు, నిదానస్తుడు. మొగుడూ పెళ్లాలిద్దరూ ఆయన దగ్గరకు వెళ్లారు.

"చాలా సులువైన కేసు," అన్నాడాయన. "చేసినప్పుడు మతి స్థిమితం లేకపోతే అది నేరమే కాదు. చట్టంలోనే ఉంది. వదిలేస్తారు."

పారమ్మ చేతులు జోడించింది. "అయితే రేపొచ్చేత్తాడా బాబూ?"

"రేపు కాదమ్మా. అప్పుడు పిచ్చి ఉందని తేలాలంటే విచారణ జరగాలి. విచారణ జరగాలంటే ఇప్పుడు పిచ్చి ఉండకూడదు."

"ఇప్పుడూ ఉన్నాది గదా బాబూ."

"అందుకే విచారణ జరగదు."

అప్పలసూరి కలగజేసుకున్నాడు. "తగ్గితే?"

"తగ్గితే బోనెక్కించి, పిచ్చివాడని వదిలేస్తారు."

"తగ్గకపోతే?"

"పిచ్చివాడు కాబట్టి వదలరు."

పాణిగ్రాహి ఈ మాటలు చెబుతున్నప్పుడు నవ్వలేదు. అందుకని అప్పలసూరి ఆయన్ను ఒక్కణ్ణీ ఎన్నడూ తిట్టలేదు.

పెద్దాసుపత్రి సముద్రమున్న ఊళ్లో. జైలు జిల్లా ఊళ్లో. కోర్టు తాలూకా ఊళ్లో. ఈ మూడింటి మధ్యా తవిటయ్య తిరగడం మొదలుపెట్టాడు. ఆసుపత్రిలో మాత్రలు వేస్తే కొన్నాళ్లకే కుదుటపడేవాడు. మైకు నోరు మూసేది. అక్క ఎలా ఉందని అడిగేవాడు, తేగలు తినాలనుందనేవాడు. వెంటనే అక్కడివాళ్లు స్థిమితం ఉన్నట్టు కాగితం రాసి జైలుకు పంపేవారు. మాత్రలు పంపేవారు కాదు. అవి రోగుల మాత్రలు. ఇతను రోగి కాదని ఇప్పుడే రాశారాయె.

అప్పలసూరి ఆ మాత్రలు బజార్లో కొని జైలుకు పట్టుకెళ్లాడు. జైలు అధికారి వాటిని వెలుతురుకు ఎత్తి చూసి వెనక్కిచ్చాడు.

"బయటి మందు లోపలికి రాకూడదు. మా డాక్టరు రాయాలి."

"రాయించండి బాబూ."

"డాక్టరు పోస్టు ఖాళీ."

"ఆ మాత్ర ఏసుకుంటేనే గదా బాబూ ఆడు బాగుంటాడు."

"బాగున్నాడని కాగితం వచ్చిందయ్యా! బాగున్నవాడికి మందెందుకని రేపు ఆడిట్లో అడిగితే నేనేం చెప్పను?"

వాయిదా నాటికి మైకు తిరిగి నోరు తెరిచేది. తవిటయ్య బోనులో నిలబడి పైన తిరుగుతున్న ఫ్యానుతో గొడవ పడేవాడు. ముద్దాయికి స్థిమితం లేదని కోర్టువారు గమనించి ఆసుపత్రికి పంపేవారు. ఆసుపత్రివారు బాగుచేసి జైలుకు పంపేవారు. జైలువారు చెడగొట్టి కోర్టుకు పంపేవారు. ముగ్గురూ ఎవరి పని వాళ్లు తప్పులేకుండా చేశారు. పై అధికారులు వచ్చి మూడుచోట్లా పుస్తకాలు చూసి మెచ్చుకుని వెళ్లారు.

నేరం రుజువైతే పడే శిక్ష ఆరునెలలు. ఆ ఆరునెలలు ఎప్పుడో గడిచాయి. వాటి మీద ఏళ్లు గడిచాయి.

పారమ్మ ప్రతి వాయిదాకూ వచ్చేది. తేగలు ఉడకబెట్టి, తడిగుడ్డలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని కోర్టు వరండాలో కూర్చునేది. తేగల కాలం కాకపోతే చోడిపిండి రొట్టె. తమ్ముడు ఆమెను గుర్తుపట్టిన రోజున తినేవాడు. పట్టని రోజున ఆ మూట అలాగే బస్సెక్కి ఇంటికి వచ్చేది. ఒక వాయిదా రోజున ఎండ మండిపోతోంది. ఆమె వరండా స్తంభానికి చేరబడి, మొగుడి చొక్కా పట్టుకుంది.

"మావా, ఆడ్ని ఇంటికి తెచ్చీ."

"తెత్తానే. ఇప్పుడు పిలుత్తారు, నువ్వు లెగు."

ఆమె లేవలేదు. అప్పుడే కోర్టు బంట్రోతు బయటికొచ్చి తవిటయ్య పేరు మూడుసార్లు పిలిచాడు. ఆ రోజు కూడా ముద్దాయికి స్థిమితం లేదు. కేసు వాయిదా పడింది. పారమ్మకు వాయిదా ఇవ్వలేదు.

ఆ తరువాత అప్పలసూరి ఒక్కడే వెళ్లేవాడు. తేగలు ఉడకబెట్టడం నేర్చుకున్నాడు.

ఇలా ఉండగా ఆ కోర్టుకు కొత్త మేజిస్ట్రేటు వచ్చాడు. వచ్చేముందు రాజధానిలో మానసిక ఆరోగ్యం మీద జరిగిన సదస్సుకు వెళ్లాడు. అక్కడ ఆయనకు ఒక గుడ్డ సంచీ, ఒక దృక్పథం ఇచ్చారు. రెండింటినీ వెంటబెట్టుకునే బెంచీ ఎక్కేవాడు. తవిటయ్య కేసు కట్ట చూసి నొచ్చుకున్నాడు.

"స్థిమితం న్యాయసౌధానికి పునాది," అన్నాడు నిండు కోర్టులో. "పునాది ఒక ఊళ్లో, సౌధం ఇంకో ఊళ్లో ఉండుట శోచనీయం. ఇకపై వైద్యుల బోర్డువారు ముద్దాయిని ఆసుపత్రి నుంచి తిన్నగా తోడ్కొని వచ్చి, ఈ ప్రాంగణమునందే పరీక్షించి, ఇక్కడికిక్కడే పత్రము దయచేయవలెను."

వకీళ్లు బల్లలు చరిచారు. అప్పలసూరికి కూడా, ఎన్నో ఏళ్లకు, ఇది పని జరిగే మాటలా వినిపించింది. మధ్యలో జైలు తప్పింది కాబట్టి మాత్ర ఆగలేదు. శుక్రవారం ఆసుపత్రి వ్యాన్లోంచి తవిటయ్య తల దువ్వుకుని దిగాడు. బావను చూసి నవ్వాడు.

"బావా, అక్కేది?"

ఆమె పోయిన సంగతి అతనికి ఇదివరకు రెండుసార్లు చెప్పారు. రెండుసార్లూ చెప్పింది ఫ్యాను అనుకున్నాడు. అప్పలసూరి మూడోసారి చెప్పాడు. తవిటయ్య వ్యాను చక్రం పక్కన కూలబడి ఏడ్చాడు. బోర్డు పెద్ద డాక్టరు చూసి, "బలే ఉంది. సందర్భానికి తగిన దుఃఖం," అని స్థిమితం ఉన్నట్టు కాగితం రాశాడు.

కేసు భోజనాల తరువాత పిలిచారు. సర్కారు వకీలు లేచాడు.

"ఘనత వహించిన న్యాయస్థానం వారికి మనవి. ఈ పత్రం ఉదయం ఇచ్చినది. ఉదయపు స్థిమితం భోజనానంతరం చెల్లునా?"

మేజిస్ట్రేటు పెద్ద డాక్టరు వైపు చూశాడు. "మనస్సు పరిణామశీలం," అన్నాడు డాక్టరు. కేసు వాయిదా. ఆ పై శుక్రవారం నుంచి తవిటయ్యకు ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి కాగితాలు ఇచ్చారు. అతను వాటిని మడతపెట్టి రొమ్ము జేబులో దాచుకునేవాడు.

పాణిగ్రాహికి వయసు మీద పడింది గాని బుర్ర పడలేదు. ఆయన లేచి, పంచాయతీ మైకులో పేర్లు చదివే సన్నిబాబు సాక్ష్యం చెప్పబోతున్నాడు కదా, స్థిమితం లేనివాడి సాక్ష్యం చెల్లదని చట్టంలో ఉంది కదా, అతని కాగితం ఏదని అడిగాడు. సర్కారు వకీలు విసుగెత్తి కాగితం అడగడమే మానేస్తాడని ఆయన ఎత్తు. కాని మేజిస్ట్రేటు కళ్లు మెరిశాయి.

"సత్యం! ముద్దాయికి విధించిన నియమం సాక్షికి ఏల ఉండరాదు? సమత్వమే న్యాయం."

సన్నిబాబును వరండాలో బల్ల ముందు నిలబెట్టారు. రోజూ ఏం చేస్తావని డాక్టర్లు అడిగారు.

"తెల్లారగట్ల నేచి, ఎదట ఎవులూ నేకపోయినా గంటసేపు మాటాడతాను బాబూ," అన్నాడు సన్నిబాబు నిజాయితీగా.

అతన్ని పరిశీలనకు వ్యాన్లో ఎక్కించారు.

తవిటయ్యను పట్టుకున్న కానిస్టేబుల్‌ వంతు వచ్చింది. మైకును అరెస్టు చేసి స్టేషన్లో పెట్టానన్నాడు. మైకును అరెస్టు చేశావా అని మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ అవునన్నాడు. అతన్నీ ఎక్కించారు. కోర్టు బంట్రోతు, తాను రోజంతా రానివాళ్ల పేర్లు పెట్టి కేకలు వేస్తానని, ఒకొక్కరిని మూడుసార్లు పిలుస్తానని, వాళ్లు పలకరని ఒప్పుకున్నాడు. సర్కారు వకీలును ఈ వేళ ఏ వారమని అడిగారు. ఆయన అలవాటు కొద్దీ జవాబుకు వాయిదా కోరాడు.

మేజిస్ట్రేటు తనకు మినహాయింపు వద్దన్నాడు. అది ఆయన గొప్పతనం. పెద్ద డాక్టరు పుస్తకంలో ఉన్న ప్రశ్నే అడిగాడు.

"తమ నోటిమాటతో ఇతరుల బతుకులు తలకిందులవుతాయన్న నమ్మకం తమకేమైనా ఉందా?"

"ఉంది," అన్నాడు మేజిస్ట్రేటు.

డాక్టరు కలం గాలిలో ఆగిపోయింది. తల ఎత్తకుండా స్థిమితమే అని రాసి, సంతకం పెట్టి, చెమట తుడుచుకున్నాడు. డాక్టర్లకు ఎవరు రాస్తారని వెనకనుంచి ఒకడు అడిగాడు. ముగ్గురూ ఒకరికొకరు గుండ్రంగా రాసుకున్నారు. అడిగినవాణ్ణి వ్యాన్లో ఎక్కించారు.

ఊళ్లో ఇదొక మోజైంది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కాగితం చూపించమన్నారు. బస్సుస్టాండులో టీకొట్టు తీసేసి జిరాక్సు మిషను పెట్టారు. సర్పంచి పదవికి నిలబడేవాళ్లు బారులు తీరారు గాని, స్థిమితం ఉంటే ఎందుకు నిలబడతారన్న అనుమానం తీరక బోర్డువారు ఎవరికీ ఇవ్వలేదు. వ్యాను చాలక బస్సు మాట్లాడారు.

చివరికి కేసు నడపడానికి కావలసిన మనుషులు కుదుటపడి తిరిగి వచ్చేనాటికి, కోర్టు మొత్తంలో వారం తప్పకుండా, రెండుపూటలా స్థిమితం రుజువైన మనిషి తవిటయ్య ఒక్కడే. రొమ్ము జేబు నిండి, కాగితాలు గుడ్డ సంచీలోకి వెళ్లాయి. సంచీ మేజిస్ట్రేటుగారే ఇచ్చారు.

విచారణ టీ చల్లారేలోగా అయిపోయింది. గోనె తడిపి చుట్టాడంటే బుర్ర పనిచేసిందన్నమాటేనని సర్కారు వకీలు వాదించాడు. మైకుకు ఎండదెబ్బ తగులుతుందని తడిపినవాడి బుర్ర ఎలా పనిచేసిందో తమరే ఊహించాలని పాణిగ్రాహి అన్నాడు. మేజిస్ట్రేటు తీర్పు చదివాడు. చేసిన నాడు ఇతనికి స్థిమితం లేదు. కనుక నేరస్థుడు కాడు. స్థిమితం గల బంధువు ఎవరైనా కాగితం చూపించి, ఇతన్ని ఇంటికి తీసుకుపోవచ్చును.

అప్పలసూరి లేచాడు. చేతిలో తేగల మూట ఉంది. "నాను ఆడి బావను."

"పత్రం?"

ఇన్నాళ్లూ అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. బల్ల ముందు కూర్చోబెట్టారు.

"ఎన్నాళ్లుగా ఈ కోర్టుకు వస్తున్నావు?"

"తొమ్మిదో ఏడు."

"దేనికోసం?"

"మైకు కోసం."

డాక్టర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఆ మైకు పోయిందా?"

"పోనేదు. మర్నాడే కట్టేసినారు. రోజూ మోగుతాది."

"మోగుతున్న మైకు కోసం తొమ్మిదేళ్లు తిరిగావా?"

"నాను తిరగనేదు బాబూ. తిప్పినారు."

"ఎవరు?"

"మీరే. ఆసుపత్రోలు, జైలోలు, కోర్టోలు."

"అందరూ కలిసి?"

"కలిత్తే ఒక్క రోజులో తేలిపోయేది. కలవకుండా."

పెద్ద డాక్టరు కుర్చీలో ముందుకు వంగాడు. "నీ భార్య ఎలా పోయింది?"

పాణిగ్రాహి వెనక నిలబడి దగ్గాడు. గట్టిగా దగ్గాడు. అప్పలసూరి విన్నాడు.

"కోర్టు సంపేసింది."

"కోర్టు ఒక భవనమయ్యా. భవనం మనిషిని చంపుతుందా?"

"నా కళ్లెదట సంపేసింది. ఆ స్తంభం పక్కనే."

స్థిరపడిన భ్రమ అని డాక్టరు రాశాడు. పక్క డాక్టరు మెత్తనివాడు. ఇటు వంగి గొంతు తగ్గించాడు.

"పెద్దాయనా, కోర్టు చంపలేదు, గుండెజబ్బుతో పోయింది, అను చాలు. స్థిమితం అని రాసేస్తాం. మీ బావమరిదిని తీసుకుపోదువు గాని."

పాణిగ్రాహి అతని చెవి దగ్గరకు వచ్చాడు. "అనెయ్యి సూరీ. గాలికి పోయే మాట. నీకేం పోతుంది? ఆవిడ అడిగింది ఈ పనే కదా."

అప్పలసూరి మూట వైపు చూశాడు. తడిగుడ్డ పారమ్మ పాతచీర చెరగు. బోను దగ్గర తవిటయ్య సంచీ భుజాన వేసుకుని, బయల్దేరే మనిషిలా నిలబడి ఉన్నాడు.

"అనొద్దంటే అనను," అన్నాడు అప్పలసూరి. "కాదనమంటే కాదనను."

స్థిమితం లేదు అని రాశారు.

ఇప్పుడు కోర్టుకు చిక్కొచ్చింది. విడుదలైనవాణ్ణి తీసుకుపోవలసిన బంధువుకే స్థిమితం లేదు. స్థిమితం లేనివాణ్ణి ఒంటరిగా వదలకూడదు. అప్పలసూరిని బస్సెక్కించి ఆసుపత్రికి పంపాలంటే బస్సులో చోటు లేదు. ఇతనికి దగ్గరివారెవరని మేజిస్ట్రేటు అడిగాడు. పెళ్లాం లేదు, పిల్లలు లేరు, బావమరిది ఉన్నాడన్నారు.

"అతని మానసిక పరిస్థితి?"

తవిటయ్య సంచీ బల్ల మీద బోర్లించాడు. కాగితాలు జారి కిందకు కూడా పడ్డాయి. ఈ జిల్లాలో ఇంత స్థిమితం ఇంకొకరికి లేదని సర్కారు వకీలే ఒప్పుకున్నాడు. ఇంత స్థిమితం గలవాడికి వేరే సంరక్షకుడు ఎందుకని కూడా ఆయనే అన్నాడు. మేజిస్ట్రేటు సంతోషంగా ఉత్తరువు చెప్పి రాయించాడు.

"తవిటయ్య అనబడే స్థిరచిత్తుడు, అప్పలసూరి అనబడే అస్థిరచిత్తుణ్ణి తన సంరక్షణలోనికి స్వీకరించి, ఇంటికి తోడ్కొని పోవలెను. సదరు అప్పలసూరి భార్య మరణము గురించి గాని, కోర్టు గురించి గాని మాట్లాడుట రోగ లక్షణముగా పరిగణించబడును. మాట్లాడినచో ఇరువురినీ తిరిగి హాజరుపరచవలెను."

"ఇరువుర్నీనా?" అన్నాడు పాణిగ్రాహి.

"ఒకరు రోగమునకు, ఒకరు నిర్లక్ష్యమునకు."

తవిటయ్య వేలిముద్ర వేశాడు. వచ్చి అప్పలసూరి మణికట్టు పట్టుకున్నాడు.

"రా బావా, ఇంటికెల్లిపోదుం. మరేటి సేత్తాం. కోరట్టోలు పట్టుకోమన్నారు."

అప్పలసూరి నడిచాడు. వరండా స్తంభం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. తవిటయ్య లాగలేదు, ఆగినంతసేపూ ఆగాడు. బస్సులో ఇద్దరూ తేగలు చీల్చుకుని తిన్నారు. పారమ్మ అడిగిన పని అయింది. ఎవరు ఎవర్ని తెచ్చారన్నది ఆమె అడగలేదు.

మర్నాడు పొద్దున్నే మైకు మోగింది. అప్పలసూరి బావమరిది అరచేతిలో మాత్ర పెట్టి, అతని ముఖమే చూస్తూ నిలబడ్డాడు. తవిటయ్య మాత్ర మింగి, తల పక్కకు వంచి చాలాసేపు విన్నాడు.

"పరవానేదు బావా. ఇప్పుడు నన్నొక్కణ్ణే కాదు, ఊరందర్నీ తిడతన్నాది."

తవిటయ్య మర దగ్గర గోనెలు పడతాడు. మాత్ర తప్పడు. చోళ్లు పట్టించుకోవడానికి వచ్చినవాళ్లకు ఒక్కటే ఆరాటం. "ఏటి సూరన్నా, కోరట్లో ఏటైనాది? ఆళ్లు నీకే పిచ్చన్నారంట గదా? మరి పారమ్మక్కని సంపింది ఎవులేటి?" అంటారు. ఉన్నమాట అంటాడేమోనని కొందరు, అంటే పైకి రాసి పంపుదామని కొందరు. తవిటయ్య పని ఆపి బావ వైపు చూస్తాడు.

అప్పలసూరి అవునని అనలేదు. కాదని అంతకంటే అనలేదు. స్విచ్చి వేశాడు. మర మోత అందుకుంది. అడిగినవాడి పెదాలు ఆడుతూనే ఉన్నాయి.

ఆ మాట అతను మళ్లీ ఎత్తలేదు. ఎత్తడు.